టోకెన్ కిటికీ

కోహ్కా, భిలాయి
9-6-1997

చిరంజీవి సూర్యప్రకాష్‌కు,

అప్ప దీవెనలు. నేను బాగానే ఉన్నాను. మోకాలు నొప్పి ఉంది, దాని గురించి రాయను. ఇక్కడ ఎండలు మామూలుగా లేవు. బోరు ఎండిపోయింది. వీధి కుళాయి పొద్దున్న అరగంట వస్తోంది. పూజకు ఒక చెంబు పక్కన పెట్టుకుని మిగతాదానితో సరిపెడుతున్నాను.

ఒక వార్త. గురునాథరావుకు చూపు పోతోంది. చక్కెర జబ్బు. కుడి కన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంటికి మనిషి ఆకారం తెలుస్తుంది గాని అక్షరం తెలియదు. పర్సనల్ ఆఫీసరుకు అక్షరం తెలియకపోతే ఇంకేం పని ఉంటుంది? పదిహేను రోజులుగా ఫైళ్ళు నేనే చదివి వినిపిస్తున్నాను. అతను తల వంచుకుని వింటున్నాడు. నాలుగేళ్ళ క్రితం అతను చదివాడు, నేను విన్నాను.

మెడికల్ అన్‌ఫిట్ కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు. మన ఫౌండ్రీ పద్ధతి నీకు తెలిసిందే. ఒంట్లో బాగోక పనికి రాడని ఇంటికి పంపితే, ఆ ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. అతని కొడుకు మనోజ్‌కుమార్ బి.కాం. చదివి ఖాళీగా తిరుగుతున్నాడు. వచ్చే మార్చికి వాడికి ఇరవై ఎనిమిది నిండుతాయి. ఆ పైన ఎవరూ తీసుకోరు. అందుకే తండ్రికి తొందర.

ఫైలు నా టేబుల్ మీద ఉంది. మీ బావగారు పోయాక ఈ కుర్చీలో కూర్చుని పంతొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళలో ఒక్క ఫైలు కూడా ఇంత నెమ్మదిగా చదవలేదు. నోట్ రాయవలసింది నేనే.

శనివారం నీ పేరున ఆకుపూజ చేయించాను. మాత్రలు మానకు. చెల్లి మణిమాలకూ దాని పిల్లలకూ ఆశీస్సులు చెప్పు.

నూకరత్నం అప్ప

*

విజయనగరం
20-6-97

అప్పా,

నీ ఉత్తరం చదివిన పూట నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. మణిమాల గరిటె పట్టుకుని ఆగిపోయి, "ఏటన్నయ్యా, ఇవాళ కూరలో ఏటేసినాను నేను?" అంది. దానికేం తెలుసు, కూర ఎక్కడినుంచి వచ్చిందో.

ఇంకొకసారి రాయనీ, రాస్తే చల్లగా ఉంటుంది. నేనడిగిందేమిటి? రాత్రి మాత్రలేసుకుంటే తెల్లారి అయిదింటికి ఒళ్ళు లేవదు, ఆరింటి షిఫ్టు బదులు తొమ్మిదింటి షిఫ్టులో వెయ్యండి బాబూ అని. అంతే. డాక్టరు రాసిన కాగితం అంటించిన కవర్లో పెట్టి గురునాథరావుకి ఇచ్చాను. ఆ కవరు వాడు కేంటీన్లో చింపాడు. పప్పన్నం తింటున్న వంద మంది ముందు నిలబడి చదివాడు. "వినండర్రా, మన సూర్యప్రకాష్‌తో గోడలు మాట్లాడతాయంట. ఏటంటాయో మనం కూడా అడిగి తెలుసుకుందాం" అన్నాడు. హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి. ఎవరికీ అర్థం కాకుండా పోకూడదని.

మర్నాటినుంచి నేను ఉలి పడితే పక్క బల్లవాడు లేచి అవతలికి పోయేవాడు. ఇరవై ఏళ్ళు నా చేతి చెక్క అచ్చులతో ఇనుము పోత పోసుకున్నవాళ్ళు. పదో రోజున గురునాథరావే రాజీనామా కాగితం పెన్నుతో సహా తెచ్చాడు. సంతకం పెట్టేశాను. అప్పుడు నాకు మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి సంతకం పెట్టమన్నా పెట్టేవాణ్ణి.

ఇక్కడ మణిమాల మొగుడు నా ఉలుల పెట్టెకి తాళం వేశాడు. మంచివాడే. పిల్లలున్న ఇల్లు కదా బావా అంటాడు. వాకిట్లో తలుపు బిగుసుకుపోతే ఊళ్ళోంచి వడ్రంగిని పిలిచాడు. నేను అరుగు మీద కూర్చుని చూశాను. వాడు చిత్రిక పట్టడం చూస్తే ఏడుపొచ్చింది. చెక్క కోసం.

ఆ గురునాథరావుని తొందరగా వదలకు. తిప్పు. నేనూ ఒక పని మొదలెట్టాను. అయ్యాక చెప్తాను, ముందు చెప్తే నువ్వు దేవుడికి చెప్పేస్తావు.

నీ తమ్ముడు
సూర్యం

*

కోహ్కా
4-7-1997

సూర్యానికి,

వర్షం పడింది. వాకిట్లో మట్టి చల్లబడింది.

గురునాథరావు ఉద్యోగం పోకుండా చూశాను.

కిందటేడాది కొత్త చట్టం అమలులోకి వచ్చింది. పనిలో ఉండగా వికలాంగుడైన మనిషిని తీసేయకూడదు, జీతం తగ్గించకూడదు, చేయగలిగిన పని చూపించాలి. మనసు జబ్బు కూడా అందులో ఉంది. నీ రోజుల్లో లేదు. ఆ సెక్షను కొత్త మేనేజరుకు చదివి వినిపించి నోట్ పెట్టాను. అన్‌ఫిట్ చేసి పంపితే కోర్టులో మనమే నిలబడాలి సార్ అన్నాను. ఆయన రాయ్‌పూర్ మనిషి, భయస్తుడు. సంతకం పెట్టాడు.

అతనికి గేటు దగ్గర హాజరు బిళ్ళలిచ్చే టోకెన్ కిటికీ ఇచ్చారు. ఫౌండ్రీలో తేలిక పనికి మంజూరైనది ఆ ఒక్క కుర్చీయే. ఈ కుర్చీ ఇంకెవరికైనా అనుకున్నారా రత్నం దీదీ అని మేనేజరు అడిగాడు. లేదన్నాను.

ఇంకొకటి. ఇకమీదట జబ్బు ఫైళ్ళలో పేర్లుండవు. ప్రతి మనిషికీ భోపాల్ హెడ్డాఫీసు ఒక కేసు నంబరు ఇస్తుంది, ఉత్తరాలన్నీ నంబరు మీదే. అది నేను అడిగి పెట్టించాను. ఎవరి కాగితమూ మళ్ళీ కేంటీన్లో చదవకుండా.

సంతోషించు. మిగతాది కాగితం మీద వద్దు.

నూకరత్నం అప్ప

*

విజయనగరం
15-7-97

అప్పా,

సంతోషించాను. వాడికి కుర్చీ వేసి, జీతం తగ్గకుండా చూసి, చట్టం కూడా చదివి పెట్టావు. విసనకర్ర ఇచ్చావో లేదో రాయలేదు.

ఏళ్ళ తరబడి పూజలు చేసి నీ మనసు వెన్నపూసైపోయింది. మంచిదే. వాడు కూడా నీకు తమ్ముడే అనుకుంటాను, నాకంటే కాస్త తెలివైనవాడు.

నేను మొదలెట్టిన పని సంగతి ఇక నీకు చెప్పను. అది కుదిరితే నీకే తెలుస్తుంది. ఇక్కడ వానల్లేవు. అందరూ కులాసా.

సూర్యప్రకాష్

*

కోహ్కా
28-7-1997

సూర్యానికి,

నీ ఉత్తరం బాగోలేదు. అంత కోపం నీది కాదు, జబ్బుది. మాత్రలు మానేశావని నాకు తెలిసిపోయింది. రోజూ దగ్గర నిలబడి నీ చేత మింగించమని మణిమాలకు రాశాను.

నాకు వెన్నలాంటి మనసు లేదు. నీకు చెప్పక తప్పేలా లేదు కనుక రాస్తున్నాను.

అతనికి కావలసింది ఉద్యోగం కాదు. ఉద్యోగం పోవడం. అది పోతేనే కొడుక్కి వస్తుంది. నేను పోనివ్వలేదు. మార్చి దాటేదాకా పోనివ్వను. రాజీనామా చేసి పోవచ్చు, అప్పుడు కొడుక్కి ఏమీ రాదు. అందుకని కూర్చున్నాడు.

ఆ కిటికీ నేనే ఎంచాను. ఆరు గంటల షిఫ్టుకు అయిదున్నరకల్లా రావాలి. వచ్చేవాళ్ళు నాలుగు వందల మంది. ఒక్కొక్కరూ నంబరు చెప్పాలి, అతను బోర్డు మీద తడిమి ఇత్తడి బిళ్ళ తీసివ్వాలి. మొదటి వారం తప్పులిచ్చాడు. వరసలో నవ్వులు. అతను సస్పెండు చేసిన మౌల్డింగు షాపు వాళ్ళు గొంతు మార్చి రెండుసార్లు వస్తున్నారు. "సాబ్, గోడని అడగండి, నా నంబరు చెబుతుంది" అని ఎవరో అన్నారట. నేను అనమనలేదు. ఎవరూ మరిచిపోలేదన్నమాట.

నేను తొమ్మిదింటికి వెళతాను. రోజూ ఆ కిటికీ దగ్గరే నా టోకెన్ తీసుకుంటాను. మొన్న నా గొంతు గుర్తుపట్టి అడిగాడు. "రత్నంగారూ, ఇది మీ తమ్ముడి కోసం చేసేరు కదండీ?"

"టోకెన్ ఇవ్వండి" అన్నాను.

అతని భార్య రజనీకుమారి ఇంటికి వచ్చింది. అరటిపళ్ళు తెచ్చింది. కూర్చోమన్నాను, మజ్జిగ ఇచ్చాను. ఆయనకి రాత్రులు నిద్ర లేదని, పొద్దున్నే స్కూటరు వెనకాల కూర్చోబెట్టి తీసుకెళ్ళే కొడుకు తండ్రితో మాట్లాడడం మానేశాడని చెప్పింది. "మీరు మేలు చేసేరనుకున్నామమ్మా. ఇది మేలు కాదు" అంది. చట్టం అమ్మా, నా చేతిలో లేదు అన్నాను. ఆ పళ్ళు గుడిలో పంచిపెట్టాను. పూజలో మనసు నిలిచింది ఆ రోజు. చాలా కాలానికి.

ఒక సంగతి మాత్రం నేననుకోలేదు. నా నోట్ చూపించి మేనేజరు మిగతా అన్‌ఫిట్ దరఖాస్తులన్నీ తిప్పి పంపేశాడు. పదకొండు మంది. అందులో మన గుడికి వచ్చే కన్నమ్మ మొగుడొకడు. ముప్పై ఏళ్ళు ఇసక దుమ్ము మింగి మెట్లెక్కలేని మనిషి. కొడుక్కి ఆ ఉద్యోగం వస్తుందని కాచుకుని ఉన్నారు. ఇప్పుడు అతన్ని కూడా తేలిక పనికని రోజూ రమ్మంటున్నారు, ఇవ్వడానికి పని లేదు. గేటు పక్క బెంచీ మీద కూర్చుని దగ్గి వెళుతున్నాడు. కన్నమ్మ గుడిలో నన్ను చూసి మొహం తిప్పుకుంటోంది.

మాత్రలు మింగు.

నూకరత్నం అప్ప

*

విజయనగరం
16-8-97

నూకరత్నం గారికి,

మణిమాల నీ మాట జవదాటలేదు. రోజూ వీధి వాకిట్లో, అద్దెకున్నవాళ్ళ ఎదురుగా, "నోరు తెరు, నాలిక ఎత్తు" అంటోంది. ఎదురింటి పిల్లలు చూడ్డానికి వస్తున్నారు. నేను నాలుగేళ్ళలో ఒక్క మాత్ర మానలేదు. కోపం వస్తే జబ్బే అయితే, నీకున్న జబ్బుకి మాత్ర ఎవరిస్తున్నారు?

ఇక నేను మొదలెట్టిన పని. కొత్త చట్టం గురించి నేనూ పేపర్లో చదివాను. మే నెలలోనే భోపాల్ హెడ్డాఫీసుకి రిజిస్టరు పోస్టులో పెట్టుకున్నాను. జబ్బులో ఉండగా రాజీనామా రాయించుకున్నారు, డాక్టరు ఇప్పుడు పని చేయవచ్చని రాసిచ్చాడు, తొమ్మిదింటి షిఫ్టులో ఏదో ఒకటి ఇవ్వండి అని. ఉలి ఇవ్వకపోయినా సరే, టోకెన్ కిటికీ దగ్గర కూర్చోబెట్టినా చాలునని రాశాను. కార్డు మీద నా పేరుంటే చాలు. నీకు చెప్పకపోవడం ఎందుకంటే, నువ్వు ఆఫీసులో ఎవరినీ బతిమాలకూడదని. నా అంతట నేనే వచ్చి నీ వాకిట్లో నిలబడాలని.

జవాబు నిన్న వచ్చింది. భిలాయి ఫౌండ్రీ వాళ్ళని అడిగాము, వాళ్ళ జవాబు నకలు జతచేస్తున్నాము అన్నారు. నకల్లో ఇలా ఉంది: తేలిక పనికి ఉన్న ఒకే పోస్టు జులై ఒకటినుంచి వేరొకరితో భర్తీ అయింది, ఈ దరఖాస్తుదారుకు ఇవ్వడానికి పని లేదు, ఖాళీ వస్తే చూస్తాము.

కింద ఎడమ పక్కన టైపు చేసినవాళ్ళ పొడి అక్షరాలు ఉంటాయి కదా. అవి నీవి.

కేంటీన్లో వాడు నోటితో చదివాడు. నువ్వు టైపు చేశావు. గోడలు నాతో మాట్లాడడం మానేసి చాలా రోజులైంది. నువ్వు కూడా మానెయ్యి.

సూర్యప్రకాష్

*

కోహ్కా
25-8-1997

సూర్యానికి,

నేను చెప్పేది చదివి తరువాత చింపెయ్యి.

మేనేజరు చిత్తు రాసి ఇచ్చాడు. కేసు నంబరు పద్నాలుగు అని ఉంది. పేరు లేదు. పేరు ఉండకూడదని నియమం పెట్టించింది నేను. పేరు కనపడకపోతే ఎవరికీ అవమానం ఉండదనుకున్నాను. మధ్యాహ్నం భోజనానికి ముందు టైపు చేశాను. తప్పులు లేవు. ఆ పద్నాలుగో మనిషి ఎవరా అని కూడా అనుకోలేదు. మనకు సీటు ఖాళీ లేదు, ఆ పాపం ఎవరిదో అనుకుని అన్నం తిన్నాను.

మేనేజరుకు మాత్రం భోపాల్ నుంచి నీ పేరు తెలుసు. అందుకే ఆ రోజు ఇంకెవరికైనా అనుకున్నారా అని అడిగాడు. నేను లేదన్నాను. తమ్ముణ్ణి అక్కే వద్దంటోంది, ఇంకా బాగుపడలేదు కాబోలు అనుకున్నాడు. ఈ మాట నిన్న అతనే చెప్పాడు.

మాత్రల విషయం నా తప్పు. మణిమాలకు రాశాను, అలా దగ్గర నిలబడి మింగించడం మానెయ్యమని. ఉలుల పెట్టె తాళం నీకివ్వమని కూడా రాశాను.

నీకు చెప్పనిది ఒకటుంది. ఆ రోజు కేంటీన్లో నేనున్నాను. ఆడవాళ్ళ బల్ల దగ్గర, తలుపు వారన. అతను మొదట హిందీలో చదివాడు. తెలుగులో మళ్ళీ మొదలుపెట్టేలోగా లేవడానికి నాకు టైముంది. నా కారియరు మూత పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు నన్ను చూడలేదు. అప్పటినుంచి అతని మీద ఉన్నదంతా అతనిదే కాదు, కొంత నాది. అందుకే అంత బలంగా ఉంది.

ఇంకొకటి. ఆ చట్టం పని చేయగలిగినవాణ్ణి పొమ్మనకూడదంది. పోతానన్నవాణ్ణి పట్టుకోమనలేదు. ఆ ముక్క నాకు మొదటిరోజే తెలుసు. మేనేజరుకు చదవలేదు.

ఇప్పుడు సంగతి ఇది. కుర్చీ ఒకటే. అతను లేస్తే నీది. అతను లేవాలంటే అన్‌ఫిట్ చేసి పంపాలి, కొడుక్కి ఉద్యోగం ఇవ్వాలి. అంటే అతను కోరుకున్నదంతా నా చేత్తో అతనికి ఇవ్వాలి. మూడు రోజులు పూజలో కూర్చున్నాను. నువ్వు ఆ కిటికీలో ఉండాలని ఉంది. అతను ఆ కిటికీలో ఉండాలని కూడా ఉంది. రెండోది తక్కువగా లేదు. దేవుడి ముందు అబద్ధం ఎందుకు?

నువ్వు చెప్పు.

నూకరత్నం అప్ప

*

విజయనగరం
4-9-97

అప్పా,

కార్డు ముక్క చాలు దీనికి.

కేంటీన్లో నువ్వున్నావని నాకు తెలుసు. నీ కారియరు మూత చప్పుడు నేను గుర్తుపట్టనా? లేచి ఉంటే నీ ఉద్యోగం కూడా పోయేది, ఇద్దరం మణిమాల ఇంట్లో నాలికలు ఎత్తేవాళ్ళం.

నాకు ఉద్యోగం కావాలి. వాడు దండలు వేయించుకుని ఇంటికి పోయినా, కొడుకుని సింహాసనం మీద కూర్చోబెట్టుకున్నా నాకు అనవసరం. తాళం వచ్చింది. ఉలులన్నీ తుప్పు పట్టాయి, సాన పట్టుకుంటున్నాను. నలభై అయిదేళ్ళవాణ్ణి, అరుగు మీద కూర్చుని ఇంకొకడి చిత్రిక చూడలేను.

పగ నీదైతే నువ్వు ఉంచుకో. దానికి నా పేరు పెట్టకు.

సూర్యం

*

పర్సనల్ సెక్షను
6-10-1997

సూర్యానికి,

ఆఫీసులో కూర్చుని రాస్తున్నాను. మొదటిసారి.

పాత నోట్ తప్పని కొత్త నోట్ పెట్టాను. చట్టంలో సగమే చదివానని ఒప్పుకున్నాను. మేనేజరు మెమో ఇచ్చాడు. పంతొమ్మిదేళ్ళలో మొదటిది, ఫైలు చేసుకున్నాను. పదకొండు దరఖాస్తులూ మళ్ళీ తెరిచారు. కన్నమ్మ కొడుకు వచ్చే నెల చేరతాడు. ఆమె గుడిలో కుంకుమ ఇచ్చింది. ఇచ్చి వెళ్ళిపోయింది.

గురునాథరావు ముప్పయ్యో తేదీన వెళ్ళిపోయాడు. అన్‌ఫిట్. దండలు వేశారు. ఉపన్యాసాలయ్యాయి. నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. ఆయనకు దేవుడు చూపు ఇవ్వాలని చెప్పాను. చప్పట్లు కొట్టారు. వెళుతూ గుమ్మం దగ్గర ఆగి చేతులు జోడించాడు. "ఇంక చాలునా, రత్నంగారూ?" అన్నాడు. మెట్టు ఉంది, చూసుకోండి అన్నాను. కొడుకు చెయ్యి పట్టుకుని దింపాడు.

నీ ఆర్డరుకు భోపాల్ నుంచి మంజూరు వచ్చింది. ఈసారి నేనే పేరుతో టైపు చేశాను, నియమం సంగతి తరువాత చూసుకుంటారు. పదిహేనో తేదీ చేరాలి. ఆరింటి షిఫ్టు టోకెన్లు గేటు వాచ్‌మన్ ఇస్తాడు, నీకు తొమ్మిదినుంచి. అది నోట్‌లో రాయించాను, ఎవరూ మార్చలేరు. చెక్క అచ్చులు చేసే ప్యాటర్న్ షాపులో మనిషి అవసరమైతే నిన్ను పిలవాలని కూడా రాయించాను. రాయ్‌పూర్‌లో దిగి లోకల్ ఎక్కు. ఉలులు పెట్టెలోనే తెచ్చుకో, సంచిలో వద్దు, బండిలో పోలీసులు అడుగుతారు. వెనక గది సున్నం వేయించాను.

మనోజ్‌కుమార్ ఒకటో తేదీన చేరాడు. నా పక్క టేబులే ఇచ్చారు. పని నేర్పమని నాకే అప్పగించారు. నేర్పుతున్నాను. మర్యాద తెలిసినవాడు. దీదీ అంటాడు, నేను అడగకముందే మంచినీళ్ళు తెస్తాడు. ఈ ఉత్తరం వాడి ఎదురుగానే రాస్తున్నాను. ఇక్కడే పుట్టి పెరిగాడు, తెలుగు చదవడం రాదు. ఎవరికి దీదీ అని అడిగాడు. తమ్ముడికి అన్నాను. మేరా భీ నమస్తే లిఖ్ దీజియే అన్నాడు, తన నమస్తే కూడా రాయమని. రాశాను.

కొత్తవాళ్ళకు ఆరు నెలల ప్రొబేషను ఉంటుంది. మార్చి నెలాఖరుకు ఆ ఆరు నెలలు అయ్యాక, ఉంచమనో పంపమనో పై ఆఫీసరుకు నోట్ వెళ్ళాలి. ఆ నోట్ రాయవలసింది నేనే.

దానికి నీ పేరు పెట్టొద్దన్నావు. పెట్టను.

నూకరత్నం అప్ప